షెరింగ్‌హామ్‌లో సూపర్‌మార్కెట్ వివాదం

ఇంగ్లండులోని నార్ఫోక్ తీరాన ఉన్న షెరింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో మాంసం, రొట్టెలు, సమీప సముద్రంలో పట్టిన పీతలు అమ్మే స్థానికుల సొంత దుకాణాలే ప్రధాన వీధికి ప్రాణం. ఆ ఊళ్లో సూపర్‌మార్కెట్ నెలకొల్పాలని టెస్కో సంస్థ 1996లో ముందుకు రావడంతో మొదలైన వివాదం దాదాపు పద్నాలుగేళ్లు సాగింది.

చిన్న వర్తకుల జీవనోపాధి దెబ్బతింటుందని వ్యతిరేకులు ఆందోళన చెందగా, సరుకుల కోసం పొరుగూళ్లకు వెళ్లే శ్రమ తప్పుతుందని, ధరలు తగ్గుతాయని సమర్థకులు వాదించారు. ఒక పక్షానిది బతుకుతెరువు చింత, మరొక పక్షానిది ఇంటి ఖర్చు చింత, రెండూ న్యాయమైనవే.

స్థలంలో ఏ కట్టడం రావచ్చో తేల్చే ప్రభుత్వ ఆమోదాన్ని ప్లానింగ్ అనుమతి అంటారు. టెస్కోకు ఆ అనుమతిని స్థానిక మండలి 2010లో మంజూరు చేయగా, 2013లో దుకాణం తెరుచుకుంది.

కట్టడం లేచాక వీధి రూపాన్ని వెనక్కి మళ్లించడం కష్టం గనుక, అనుమతికి ముందే, అవును, ముందే, వర్తకులూ కొనుగోలుదారులూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. ఊరి భవిష్యత్తును నిర్ణయించే చర్చలో ప్రతి పౌరుడూ పాల్గొనాలి.