నిలిచిన చూపు
(పవిత్రచిత్రముల యెదుట ధ్యానప్రార్థనను గూర్చి సంగారెడ్డిలో చేసిన స్మారకోపన్యాసము)



ఈ ఉపన్యాసనిధిని నెలకొల్పిన కుటుంబమువారు తమ తండ్రిగారి పేరును వేదికపై పలుమారు వల్లింపవలదనియు, ఆయన జీవితమంతయు నాశ్రయించి బ్రదికిన ప్రార్థనను గూర్చి మాత్రము నాలుగు మాటలు చెప్పుమనియు నన్ను కోరియున్నారు. ఆయన పల్లెబడి ఉపాధ్యాయుడు. ఆదివారములందు సంఘమునకు వాక్యము చదివి వినిపించినవాడు. తెల్లవారుజామున గోడనున్న యొక చిన్న పటము నెదుట పెదవి కదపక కూర్చుండుట ఆయన నిత్యనియమము. ఆ కోరికను శిరసావహించి, పవిత్రచిత్రము నెదుట మౌనముగా నిలిచి చేయు ధ్యానప్రార్థనను నేటి విషయముగా గైకొనుచున్నాను. సంగారెడ్డిలో ఈ మాట యెత్తుటకు ఔచిత్యము కలదు. 2016లో జిల్లాలు విడిపోవువరకు ఈ పట్టణమే మెదకు జిల్లాకు కేంద్రమై యుండినది గదా. ఆ జిల్లా పేరు తలంచినంతనే మనకు స్ఫురించు దేవాలయము, అందలి మూడు రంగుటద్దముల గవాక్షములు, ఈ ప్రార్థనావిధానమునకు మన ప్రాంతమున దొరకు మొదటి పాఠశాల.

ఆ దేవాలయమును గట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు వెస్లియను మిషనరీ. సికింద్రాబాదు దండులో ఆంగ్లసైనికుల నడుమ కొంతకాలము సేవజేసి, అంతటితో తృప్తిచెందక, పందొమ్మిదవ శతాబ్దము ముగియుచున్న వేళ మెదకు చేరి, పల్లెప్రజల మధ్య జీవితమును గడిపిరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున కరవు పీడించుచుండగా, ఊరక పంచిపెట్టిన గింజలకంటె పని కల్పించి యిచ్చిన కూలియే మనుష్యుని మర్యాదను నిలుపునని తలచి ఈ కట్టడమును సాగించిరని ఈ ప్రాంతమున తరతరములుగా చెప్పుకొనుచున్నారు. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు గల ఆ మందిరము, 175 అడుగుల గోపురముతో 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. రాయి మోసి, సున్నము కలిపి, సాయంకాలము కూలిడబ్బులతో పిల్లలకింత గంజి కాచి పోసిన చేతులే ఆ గోడల నెత్తినవి. కావున మెదకు గవాక్షములను గూర్చి మాటలాడువాడు కళను మాత్రమే గాక కూలిని గూడ స్మరింపవలసియున్నది. చెమటోడ్చినవాని ప్రార్థనకును ఆ చిత్రములకును గల బంధుత్వము పునాదులనాటిదే.

ఆ గవాక్షములను రూపించినవాడు లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాల్స్‌బరీ. బలిపీఠమునకు వెనుక క్రీస్తు ఆరోహణము. ఇరుప్రక్కల ఆయన జననము, ఆయన సిలువమరణము. ఇవి మూడును ఒకేసారి అమరినవి కావు. ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను వచ్చినవి. ఈ వరుసను గూర్చి నేను మిక్కిలి ఆలోచించియున్నాను. చరిత్రను బట్టి చూచినచో శిశువు ముందు, సిలువ పిదప, ఆరోహణము కడపట రావలసినది. మెదకు సంఘమునకో, పరమునకేగుచున్న ప్రభువు ముందు కనబడెను, ఇరువది యేండ్లకు గాని తొట్టిలోని బిడ్డ కనబడలేదు, మరి పదునొకండేండ్లకు గాని సిలువ కనబడలేదు. ముప్పదియొక్క సంవత్సరముల నిడివిలో, ఒక తరమువారు సిలువ గవాక్షమును చూడకయే ఆ మందిరమున మోకరించి, వృద్ధులై, మట్టిలో కలిసిరి. కారణములు ధనమునకును కాలమునకును సంబంధించినవై యుండవచ్చును. ఐనను ప్రార్థనలో ఎదుగు ప్రతివాని చరిత్రయు ఇట్టిదే యని నాకు తోచుచున్నది. మొదట మహిమ మన కన్నుల నాకర్షించును. బిడ్డయైన దేవుడు చాలాకాలమునకు గాని చేరువ కాడు. సిలువ నెదుట కన్ను త్రిప్పక నిలుచుట అన్నిటికంటె ఆలస్యముగా అలవడును.

రంగుటద్దమున చిత్రమెట్లు నిలుచునో కొంచెము దగ్గరగా చూతము. గాజు కరగుచున్నప్పుడే లోహభస్మములు కలుపుదురు. కోబాల్టు నీలము నిచ్చును, రాగి గాని బంగారము గాని ఎఱుపు నిచ్చును, వెండిరజను పైపూతగా కాల్చినచో పసుపు పుట్టును. ముఖమున కనురెప్పల గీతలు, వస్త్రముల మడతలు నల్లని వర్ణముతో వ్రాసి మరల కొలిమిలో నుంచి కాల్తురు. తుదకు ముక్కముక్కను సీసపు పట్టీలతో కూర్చుదురు. ఇంత చేసిన పిమ్మటను ఆ చిత్రమునకు తన సొంత వెలుగు లేదు. ప్రొద్దు క్రుంకిన పిదప మెదకు మందిరములో నిలిచి చూచినచో గవాక్షమున్న చోట చీకటిపలక తప్ప మఱేమియు కానరాదు. పగటివేళ సైతము సూర్యుడు మబ్బుచాటునకు పోయినంతనే నీలము నల్లబడును, ఎఱుపు గడ్డకట్టినట్లగును, ముఖము దూరమగును. మబ్బు తొలగగానే ఎవరును ఏమియు చేయకయే సమస్తమును మరల జీవించును. ఒక వేసవి అపరాహ్ణమున, బస్సుటికెట్టు ముడిచి కొంగున దోపుకొనిన యొక ముదుసలి అక్కడ నేలపై కూర్చుండి, ఈ మార్పునంతయు రెప్పవాల్చక చూచుట నేనెఱుగుదును. ఆమె చేతిలో పుస్తకము లేదు, పెదవులపై మాట లేదు. మబ్బు వచ్చినప్పుడు లేచిపోలేదు, వెలుగు వచ్చినప్పుడు ఉప్పొంగలేదు. ధ్యానప్రార్థనను గూర్చి నేను చదివిన గ్రంథములలో ఆమె చేసినదానికంటె స్పష్టమైన నిర్వచనము నాకు దొరకలేదు.

ఇచ్చట నొక అభ్యంతరము లేచును. దానిని చులకనగా త్రోసిపుచ్చుట నాకు సమ్మతము కాదు. పది ఆజ్ఞలలో ప్రతిమలను చేసి మ్రొక్కరాదని యున్నది గదా, పటము నెదుట ప్రార్థించుట తగునా యని మన సంఘములలో నెందఱో భక్తులు నిజమైన భయముతో అడుగుదురు. ఎన్నో యేండ్ల మ్రొక్కుబళ్లను విడిచి వచ్చిన కుటుంబములకు ఈ ప్రశ్న ప్రాణముతో సమానము. ఈ వివాదము ఎనిమిదవ శతాబ్దమున తూర్పుదేశపు క్రైస్తవ సామ్రాజ్యమునే కుదిపినది. చక్రవర్తుల ఆజ్ఞతో పటములు తగులబడినవి, వానిని దాచిన సన్యాసులు దెబ్బలు తినిరి. ఖలీఫాల యేలుబడిలో వసించిన దమస్కు యోహాను అప్పుడు చేసిన వాదము నేటికిని నిలిచియున్నది: అదృశ్యుడైన దేవునికి రూపము కల్పింప నెవనికిని తరము కాదు, కాని ఆయనయే మానవశరీరమును ధరించి మనుష్యుల నడుమ తిరిగినప్పుడు, కన్నులు చూచిన ఆ రూపమును వ్రాయుట దోషమెట్లగును? చిత్రమునకు చేసిన గౌరవము చిత్రింపబడినవానికే చెందుననియు, ఆరాధన మాత్రము దేవునికి తప్ప వేరెవ్వరికిని చెల్లదనియు 787లో నికేయ నగరమున కూడిన సభ తీర్మానించినది. పటములయెడ జంకు గల సంప్రదాయమునుండి వచ్చిన వెస్లియనులు నెలకొల్పిన సంఘమే మెదకులో మూడు మహాగవాక్షములను నిలుపుకొనుట చూడగా, ఆ జంకునకును ఈ ప్రేమకును ఒకే హృదయమున చోటుండుట సాధ్యమేయని తెలియుచున్నది.

చిత్రము నెదుట ప్రార్థించుటలో రెండు దారులు కలవు. స్పెయిను దేశపు ఇగ్నేషియస్ లొయోలా వ్రాసిన ఆధ్యాత్మిక సాధనల గ్రంథము, 1548లో పోపు ఆమోదము పొందినది, మనస్సులోనే చిత్రమును కట్టుకొనుమని నేర్పును. క్రీస్తు జననమును ధ్యానించువాడు నజరేతునుండి బేత్లెహేమునకు బోవు దారి ఎంత పొడవో, ఎంత వెడల్పో, చదునో, ఎత్తుపల్లములో ముందు చూడవలెను. గుహ చిన్నదో పెద్దదో, కప్పు ఎంత తగ్గుగా నున్నదో కనుగొనవలెను. పిదప తానును అక్కడనే యొక పేద పరిచారకుడై, వారికేమి కావలెనో కనిపెట్టుకొని నిలువవలెను. దారి కొలతలతో మొదలైన ధ్యానము ఊడిగముతో ముగియుట ఇందలి సొగసు. కాని యందఱికిని ఇట్టి ఊహాశక్తి యుండదు. ఆవిలా నగరపు తెరేసమ్మ అట్టిది. కంటితో చూడనిదానిని మనస్సున నిలుపుకొను నేర్పు తనకు బొత్తిగా లేదనియు, అందుచేతనే తనకు పటములన్న మిక్కిలి మక్కువ యనియు ఆమె తన జీవితచరిత్రలో దాచక చెప్పుకొనినది. ఏదో పండుగకై మఠమునకు తెచ్చియుంచిన, గాయములతో నిండిన క్రీస్తు స్వరూపమును చూచి ఆమె నిలువెల్ల కరిగి కూలబడినది. ఆమె నిజమైన ప్రార్థనాజీవితమునకు అదియే ఆరంభము. బుద్ధిమంతులకు ఊహ, పామరులకు పటము అను విభజనను తెరేసమ్మ ఒక్కతెయే కొట్టివేసినది. ఆమె సహచరుడైన సిలువ యోహాను పటముల అందముపై, అలంకారముపై తగులుకొను భక్తిని తీవ్రముగా హెచ్చరించెను. అట్టివాడే తన కలముతో సిలువపైనున్న ప్రభువును పైనుండి క్రిందికి చూచినట్లుగా ఒక చిన్న కాగితముపై వ్రాసియుంచెను. ఆ కాగితము నేటికిని ఆవిలాలో భద్రముగా నున్నది.

మన దేశమున జపమునకు ముందు ధ్యానశ్లోకము చదివి, ఇష్టదైవము యొక్క రూపమును అంగాంగముగా మనస్సున నిలుపుకొను పద్ధతి తెలుగువారికి పరిచితమే గనుక, ఇగ్నేషియస్ చెప్పిన విధము మన చెవికి క్రొత్త కానేరదు. తెలుగు క్రైస్తవులలో చిత్రముయొక్క పనిని చాలవరకు పాటయే చేసినది. పురుషోత్తమ చౌదరిగారివంటి కవుల కీర్తనలు పాడుచు మన పూర్వులు సిలువను కన్నులు మూసికొనియే చూచిరి. మాటలు చాలించి దైవసన్నిధిలో కనిపెట్టుకొనియుండుటను 1938లో బైబిలు మిషనును ప్రారంభించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు ఎంతో శ్రద్ధతో నేర్పిరి. పాటకును మౌనమునకును మనకు పెద్దలు కలరు. కంటికి గురువు మాత్రము కొఱవడినాడని నా భావము.

కంటికి గురువు కావలసిన అవసరము ఈ పారిశ్రామికప్రాంతమున కంటె ఎక్కడ హెచ్చుగా నున్నది? రామచంద్రాపురమున బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు చుట్టును మందుల, రసాయనముల, ఇనుప సామానుల కర్మాగారములు వెలసిన నాటినుండి, మన పల్లెలవారును, కోస్తాజిల్లాలవారును, కేరళ, ఒడిశా, ఝార్ఖండులనుండి వచ్చినవారును ఇచ్చట ఒకే వరుస అద్దెగదులలో వసించుచున్నారు. వారి కన్ను ఎనిమిది గంటలు యంత్రపు ముల్లుపై, మీటరుపై, కదలు బెల్టుపై నిలిచియుండును. క్షణము తప్పినచో వ్రేలు తెగును. మిగిలిన ప్రొద్దున ఫోనులో పరుగిడు బొమ్మలు ఆ కన్నును కాజేయును. గదిలో గోడపై నొక పటము మాత్రముండును. కేరళవాని గదిలో గుండెనుండి రెండు కిరణములు వెలువడు దివ్యకరుణామూర్తి, తమిళుని గదిలో వేలాంగణ్ణి మాత, మనవాని గదిలో తలుపు తట్టుచున్న ప్రభువు గల క్యాలెండరు. పాతకాలపువారి యిండ్లలో 1978నాటి కరుణామయుడు చిత్రమున విజయచందర్ గారు ధరించిన రూపము. నైట్ షిఫ్టు ముగించుకొని వచ్చిన యొక యువకుడు, నూనెమరకల చొక్కా విప్పి చిలుకకొయ్యకు తగిలించి, అన్నము వండుకొనుటకు ముందు, పటముపై పేరుకొనిన ధూళిని అరచేతితో తుడిచి, గోడకానుకొని కూర్చుండుట చూచితిని. ఏమి ప్రార్థింతువు బాబూ యని యడిగితిని. “రాత్రంతా మిషను నేను చూసిన సార్. ఇప్పుడు ఆయన నన్ను చూస్తడు, నేను కూసుంట” అనెను.

ఈ ఉపన్యాసమున నేను చెప్పదలచినదంతయు ఆ పిల్లవాని మాటలోనే కలదు. చిత్రము బోధించుటకు మాత్రమే యేర్పడినదని మనము పిల్లల తరగతిలో అలవాటు చేసికొంటిమి. కథ తెలిసిన పిమ్మట పటముతో పనిలేదని దాటిపోవుదుము. చిత్రము మనలను ఒకచోట నిలుపుటకు వచ్చినది. నిలిచినవానిపై ప్రభువు చూపు పడుచున్నదని విశ్వాసి నమ్మును. ఆ చూపునకు లోనగుటయే ఈ ప్రార్థన. యంత్రమును కనిపెట్టు చూపులో భయమున్నది, ఫోనును చూచు చూపులో ఆకలి యున్నది. ఇందు రెండును లేవు. ఏమియు సాధింపనక్కరలేని ఆ పావుగంట, కూలికి గంటలు లెక్కించుకొను మనుష్యునికి దేవుడిచ్చు స్వాతంత్ర్యము.

కావున ఈ ప్రాంతపు సంఘపెద్దలకు నా విన్నపము. ఆదివారము పూట మాత్రము తెఱచి తక్కిన దినములలో తాళము వేయు మందిరములను, షిఫ్టులు మాఱు వేళలలో, ఉదయము గంటసేపును రాత్రి గంటసేపును తెఱచియుంచుడు. మైకు వలదు, ప్రసంగము వలదు, చందాపెట్టె వలదు. మంచి పటము నొకదానిని కన్నులకు సమమైన యెత్తున తగిలించి, దానికి చాలినంత దీపము పెట్టి, కూర్చుండుటకు చాపలు పఱచుడు. పటమును వారమునకొకటి చొప్పున మార్పక, కనీసము ఒక ఋతువంతయు నుంచుడు. మెదకువారు ఒక్క ఆరోహణముతో ఇరువది యేండ్లు గడిపిరి గదా. పటములను ఒప్పని సంఘమువారు సువార్తలోని యొక ఘట్టమును ఇగ్నేషియస్ చెప్పినట్లు దారి మొదలుకొని మెల్లగా చదివించి, పిదప మౌనముగా నుండనిండు. క్రొత్తగా వచ్చినవానికి నేర్పవలసినది స్వల్పము: ముందు చేతులను చూడుము, తరువాత ముఖమును, తరువాత కన్నులను, మనస్సు జీతమువైపునకో ఊరివైపునకో పోయినచో కోపగింపక మరల చేతులయొద్దనుండి ప్రారంభింపుము. నిద్ర వచ్చినచో నిద్రింపనిండు. పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై నున్నవానిని తట్టి లేపవలదు. మొదటి పటముగా దేనిని తగిలింపవలెనని నన్నడిగినచో, జననమును తగిలింపుమందును. ఇంటికి దూరముగా, అద్దెగది దొరకని యూరిలో, పశువులపాకలో బిడ్డను కనిన కుటుంబమును ఈ గదులవారు వివరణ లేకయే గుర్తింతురు.