స్కోపు ఎర్తు పిన్ను తీయవద్దు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నేను మెయింటెనెన్సులో ఉన్నప్పుడు చేసిన ఒక తప్పు చెబుతాను. నైట్ షిఫ్టులో 415 వోల్టుల థైరిస్టర్ డ్రైవు ఆగిపోయింది. ఆసిలోస్కోపు ప్రోబు క్లిప్పు తగిలించగానే ఠప్పున ఫ్యూజు పోయింది. తొందరలో స్కోపు ప్లగ్గు ఎర్తు పిన్ను తీసేసి మళ్ళీ పెట్టాను. తెరమీద తరంగం చక్కగా కనిపించింది. "ఇటు రావోయ్, చూడు" అని హెల్పరును పిలిచాను. అతను స్కోపు మీద చెయ్యి వేశాడు. షాకు కొట్టి వెనక్కి పడ్డాడు. దేవుడి దయవల్ల బతికాడు. ఆ రాత్రి నేను మరచిపోలేదు.

కారణం చిన్నదే. మామూలు స్కోపులో ప్రోబు క్లిప్పు, బాడీ, ఎర్తు లోపల కలిసే ఉంటాయి. ఎర్తు తీస్తే, క్లిప్పు తగిలించిన చోటి వోల్టేజి బాడీకి వచ్చేస్తుంది.

సరైన పద్ధతి డిఫరెన్షియల్ ప్రోబు. అది లేకుంటే తగిన రేటింగు ఉన్న రెండు ప్రోబులు వాడి, క్లిప్పులు సర్క్యూటుకు తగిలించకుండా, రెండు ఛానెళ్ళ తేడా చూడాలి. 415 వోల్టులంటే ఫేజుల మధ్య పీక్ 587 వోల్టులని గుర్తుంచుకోవాలి. ఫ్రీక్వెన్సీ పెరిగితే ప్రోబు తట్టుకునే వోల్టేజి తగ్గుతుంది. సప్లై ఆపి, కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యాయో లేదో మీటరుతో చూసి, ఆ తర్వాతే ప్రోబులు తగిలించాలి.

సంగారెడ్డి దాకా ఉన్న ఫ్యాక్టరీల్లో ఇప్పుడు మన పిల్లలు పనిచేస్తున్నారు. మిషను గంట ఆలస్యంగా తిరిగితే కొంప మునగదని ఇంటికి వెళ్ళి వారికి చెప్పండి. సెలవు.