వెనక టైర్లలో నీళ్లు: ఎంత, ఎప్పుడు?

దుక్కి దున్నుతుంటే ట్రాక్టర్ వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయా? అలా తిరిగిన ప్రతిసారీ డీజిలు దండగ, టైరు అరుగుదల. వెనక బరువు చాలనప్పుడు వచ్చే ఇబ్బంది ఇది. దీనికి చవకైన మందు నీళ్లే.

లీటరు నీరు కిలో బరువు. రెండు టైర్లలో కలిపి 300 లీటర్లు పడితే 300 కిలోలు పెరిగినట్టే. చక్రాన్ని జాకీతో లేపి, వాల్వు పైకి వచ్చేలా తిప్పండి. లోపలి పిన్ను తీసి, వాల్వు మట్టం దాకా నీళ్లు పట్టండి. అప్పటికి టైరు సుమారు ముప్పాతిక నిండుతుంది. మిగతా పావు భాగం గాలికి వదలాలి. నిండా నీళ్లయితే టైరు కుదుపులను ఓర్చుకోలేదు.

చలి దేశాల్లో నీరు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. బరువూ పెరుగుతుంది, కానీ అది రిమ్మును తుప్పు పట్టిస్తుంది. మన ఎండలకు ఆ ఉప్పుతో పనిలేదు, మంచినీళ్లు చాలు.

వరి మడిలో దమ్ముకు దిగేముందు మాత్రం ఆ నీళ్లు తీసేయండి. అదనపు బరువుతో బండి బురదలో దిగబడుతుంది. రెండు టైర్లలోనూ నీళ్లు సమానంగా ఉండాలి. మీ ట్రాక్టర్‌తో ఇచ్చిన పుస్తకంలోని కొలత దాటకండి.