పెంపుడు తాబేలు – పుట్టగొడుగు
(ప్రసంగ పాఠము)

పెంపుడు తాబేలునకు పుట్టగొడుగులు పెట్టవచ్చునా యని శ్రోతలు కొందరు మమ్ము అడుగుచున్నారు. అడుగువారిలో పెక్కురు విదేశములలో నున్న తమ పిల్లల యిండ్లలో ఈ ప్రాణిని చూచి వచ్చినవారు. ప్రశ్న చిన్నది. అవుననియో, కాదనియో ఒక్క మాటతో తీరునని తోచును. కాని ఏ తాబేలు, ఏ పుట్టగొడుగు అని మరల అడుగక దీనికి సమాధానము చెప్ప వీలులేదు. ఆ రెండు ప్రశ్నలను విడదీసి చూచుటయే నేటి మా ప్రయత్నము.

తెలుగులో తాబేలు అను ఒక్క మాటయే చెరువులో నీదు జంతువునకును, సముద్రమున సంచరించు జంతువునకును, మెట్టనేలపై నడచు జంతువునకును చెల్లుచున్నది. నేడు మేము చెప్పబోవునది మెట్టను బ్రదుకు తాబేళ్లను గూర్చి. ఇవియైనను అన్నియు ఒకే పంక్తిని భుజించునవి కావు. ఇంగ్లండు మొదలగు దేశములలో పెక్కుమంది పెంచు హెర్మన్ తాబేలునకు పుట్టినిల్లు మధ్యధరా సముద్రతీరము. అచ్చటి వేసవి మిక్కిలి పొడి. కొండచరియలపై మొలచు కలుపుమొక్కలు, వాని ఆకులు, పూవులు దీని ఆహారము. అమెరికాలో పలువురు పెంచు సల్కాటా తాబేలు సహారా ఎడారి దక్షిణపు అంచున పుట్టి, గడ్డి మేసి బ్రదుకునది. కొనితెచ్చిననాడు అరచేతిలో ఇమిడిన పిల్ల, పెరిగి నలువది కిలోలు దాటవచ్చును. ఇట్టి పొడినేలలలో పుట్టిన తాబేళ్లకు పుట్టగొడుగు అలవాటైన ఆహారము కాదు.

అడవి తాబేళ్ల సంగతి వేరు. దక్షిణ అమెరికాలో కాళ్లపై ఎఱ్ఱని పొలుసులు గల తాబేలొకటి కలదు. బ్రెజిల్ దేశపు ఉత్తరభాగమున మరాకా యను నదీద్వీపములో డెబ్రా మాస్కోవిట్స్ అను పరిశోధకురాలు 1980 దశకమున ఈ ఎఱ్ఱకాళ్ల తాబేళ్ల నడవడిని, ఆహారమును పరిశీలించెను. రాలిన పండ్లు, పూవులు, ఆకులతోపాటు పుట్టగొడుగులును వాని ఆహారములో కానవచ్చెను. ఆఫ్రికాలోని జింబాబ్వేలో, వీపు డిప్ప వెనుకభాగము మడతబందువలె కదలు తాబేలొకటి యున్నది. అదియును పుట్టగొడుగులను తినును. ఉత్తర అమెరికా అడవులలోని బాక్స్ టర్టిల్ మరియొకటి. ఇది క్రింది డిప్పను తలుపువలె మూసికొని, పెట్టెలో దాగినట్లు దాగును. కులమునుబట్టి చెరువు తాబేళ్లకు చుట్టమైనను నేలపైననే బ్రదుకును. పుట్టగొడుగులనిన దీనికి మిక్కిలి ప్రీతి.

ఇక పుట్టగొడుగు మాట. అంగడిలో అమ్ము తెల్లని బటన్ పుట్టగొడుగు మనుష్యులు పెంచి పండించినది. అది తాబేలునకు విషము కాదు. కాని విషము కానిదెల్ల ఆహారము కానేరదు. నూరు గ్రాముల పచ్చి పుట్టగొడుగులో సుమారు 92 గ్రాములు నీరే. మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు, భాస్వరము 86 మిల్లీగ్రాములు, కాల్షియము 3 మిల్లీగ్రాములు మాత్రమే. తాబేలు డిప్ప పైన తొడిగిన కవచము కాదు. వెన్నెముకయు, ప్రక్కటెముకలును కలిసి విస్తరించిన యెముకయే. కావున దాని ఆహారములో భాస్వరముకంటె కాల్షియము హెచ్చుగా నుండవలెను. పుట్టగొడుగులో నిది తలక్రిందులు. యూరపు పచ్చికలలో తనంతట తాను మొలచు డాండీలియన్ ఆకును దీని ప్రక్కన ఉంచి చూడుడు. నూరు గ్రాముల ఆకులో కాల్షియము సుమారు 187 మిల్లీగ్రాములు, భాస్వరము 66 మిల్లీగ్రాములు. ధర పెట్టి కొన్నదానికంటె దారిప్రక్క కలుపుమొక్కయే ఆ ప్రాణికి మేలైన భోజనము.

కాల్షియము చాలనప్పుడు దేహము తన యెముకలలోనిదానినే తీసి వెచ్చించును. ఎదుగుచున్న పిల్లకు డిప్ప మెత్తబడును, వంకరలు తిరుగును, కాళ్లు పట్టు తప్పును. ఇది ఒకనాటిలో బయటపడదు. నెలల తరబడి ప్రేమతో పెట్టిన తిండియే ఈ కీడు చేయును. కావున హెర్మన్, సల్కాటా వంటి పొడినేల తాబేళ్లకు పుట్టగొడుగు పెట్టకుండుటయే మంచిది. ఎఱ్ఱకాళ్ల తాబేలునకు, బాక్స్ టర్టిల్‌నకు అప్పుడప్పుడు ఇతరాహారముతో కలిపి కొలదిగా పెట్టవచ్చును. కడిగి, పచ్చివే చిన్న ముక్కలుగా కోసి పెట్టవలెను. నూనెలో వేచినవి, ఉప్పునీటిలో నిలువచేసి డబ్బాలలో అమ్మునవి తగవు.

పెరటిలో తనంతట మొలచిన పుట్టగొడుగు విషయము ఇంతకంటె గంభీరమైనది. తొలకరి పిమ్మట చెదపుట్టలపై గొడుగులవలె లేచునవి గనుకనే మనవారు దీనికి పుట్టగొడుగని పేరిడిరి. వానిలో తినదగినదేదో, తగనిదేదో మన పల్లెలలో ఎరిగినవారు కలరు. కాని ఆ యెరుక ఆ నేలకు చెందినది. పరదేశపు పెరటిలో దానిని నమ్మరాదు. యూరపునుండి ఇతర ఖండములకు ప్రాకిన డెత్ క్యాప్ అను పుట్టగొడుగు ఓక్ వృక్షముల క్రింద మొలచును. కాలిఫోర్నియాలోను, ఆస్ట్రేలియాలోను, ఆసియానుండి వెళ్లినవారు దీనిని తమ దేశపు వరిగడ్డి పుట్టగొడుగుగా భ్రమించి తిని ప్రాణాపాయమునకు లోనైన సందర్భములున్నవి. వండినను దీని విషము చావదు. తిన్న ఆరు గంటలకో, అంతకంటె ఆలస్యముగనో గాని బాధ తెలియదు. నడుమ కొంత తెరపి యిచ్చినట్లే యిచ్చి కాలేయమును చెరచును.

ఇక్కడ రెండు అపోహలు తొలగవలెను. తాబేలు తిన్నది గనుక ఆ పుట్టగొడుగు మనకు నిరపాయమనుట మొదటిది. బాక్స్ టర్టిల్ మాంసము తిన్నవారు జబ్బుపడిన ఉదంతములు అమెరికాలో వ్రాయబడి యున్నవి. అవి తిన్న విషపు పుట్టగొడుగులే కారణమని ప్రకృతి శాస్త్రజ్ఞులు తలచిరి. ఆ ప్రాణికి సరిపడినది మనకు సరిపడదు. రెండవది, తినగూడనిదానిని జంతువు తానే యెరిగి విడుచుననుట. బాక్స్ టర్టిల్‌నకు తన అడవి తెలిసియుండవచ్చును. వేరు ఖండమునుండి తెచ్చి పరాయి పెరటిలో విడిచిన తాబేలునకు అచ్చట మొలచినదానితో పరిచయమే లేదు.

కావున వాన వెలిసిన ఉదయమున తాబేలును పెరటిలో విడుచుటకు ముందు నేలను ఒకమారు వెదకి, మొలచిన పుట్టగొడుగులను పెరికివేయవలెను. పిమ్మట చేతులు కడుగుకొనవలెను. తాబేలు ఏదైన తిన్నదని అనుమానము కలిగినచో మిగిలిన ముక్కను కాగితములో చుట్టి, ప్రాణులను చూచు వైద్యునికడకు దానితో గూడ పోవలెను. ఇంటి వైద్యములతో కాలము పుచ్చరాదు. తాబేలు జీర్ణక్రియ మందము. తిన్నది దేహము వెడలుటకు దినములు, ఒక్కొకప్పుడు వారములు పట్టును. నేడు బాగుగనే యున్నదని చూచి నిశ్చింత పడరాదు.

ఇంతవరకు పరదేశములలోని యిండ్ల మాట. మన యిండ్ల మాట యేమి? రాయలసీమ పొదలలో వీపుపై పసుపుపచ్చని గీతలతో మెరయు నక్షత్ర తాబేలు మన నేల బిడ్డ. శ్రీకూర్మములో విష్ణువును కూర్మరూపమున కొలుచు మనకు తాబేలుపై భక్తియు కలదు. కాని ఇల్లు కలిసివచ్చునని దీనిని పట్టి తెచ్చి పెరటిలో ఉంచుకొనుట ధర్మమునకును, చట్టమునకును విరుద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి రక్షణ యిచ్చుచున్నది. పట్టుట, కొనుట, అమ్ముట, అనుమతి లేక ఇంట నుంచుకొనుట నేరము. దొంగతనముగా విదేశములకు తరలిపోవుచుండుట చూచి, 2019లో సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడిక దీనిని మొదటి అనుబంధమున చేర్చి, అడవిలో పట్టినవానితో దేశముల నడుమ సాగు వర్తకమును మాన్పినది.

కనుక మన ప్రాంతమున ఎవరైన నక్షత్ర తాబేలునకు ఏమి పెట్టవలెనని మమ్మడిగినచో మా సమాధానము ఒక్కటే. దానిని దగ్గరలోని అటవీశాఖవారికి అప్పగింపుడు. దయతో నైనను మీరే యెచ్చటనో విడువకుడు. దాని తావు ఏదో చూచి, జబ్బు లేదని యెరిగి విడుచుట వారి పని. తాబేలునకు ఏమి పెట్టవలెనో చెప్పునది మన వంటిల్లు కాదు, అది పుట్టిన నేల.