ఇంట గాలపు ఎర కట్టు విద్య



మల్కాపురమునకు దాపున ఓడల నిర్మాణశాలయు, నూనె శుద్ధి కర్మాగారమును కలవు. 1933లో విశాఖ రేవు తెరువబడుటకును, 1941లో ఓడల నిర్మాణశాలకు శంకుస్థాపన జరుగుటకును, 1957లో నూనె శుద్ధి కర్మాగారము పని ప్రారంభించుటకును ఎంతో ముందే ఈ తీరమున తెప్ప, వల, గాలము ఉన్నవి. పూర్వము నూలు వలలను ఇంటి అరుగులమీద చేతితో అల్లెడివారు. యంత్రము అల్లిన నైలాను వలలు వచ్చిన పిమ్మట ఆ పని తగ్గినది. తండ్రి చేతిని చూచి కుమారుడు నేర్చుకొను ముడులును దానితోపాటు మరుగునపడుచున్నవి. ఈకలతో గాలపు ఎర కట్టుటవలన ఆ చేతినేర్పును కొంతయైనను ఇంట నిలుపుకొనవచ్చును.

ఇది క్రొత్త విద్య కాదు. మాసిడోనియా దేశపు జాలరులు గాలమునకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టెడి విధమును క్రీ.శ. 200 ప్రాంతమున ఈలియన్ అను రచయిత వర్ణించెను. మద్రాసు రాజధానిలో ఉద్యోగియైన హెచ్. ఎస్. థామస్ 1873లో భారతదేశపు గాలమువేటను గూర్చి గ్రంథము ప్రకటించెను. నదిలో ఈ ఎర పురుగును పోలును. సముద్రమున చిన్న చేపను పోలును. చేపను మోసగించునది ఈక సొగసు కాదు, నీటిలో దాని కదలిక.

క్రొత్తగా నేర్చువారికి కావలసినవి స్వల్పము: గాలము, దానిని కదలక పట్టు చిన్న వైసు, గట్టి దారము, కత్తెర, పెంపుడు కోడి ఈకలు, మెరయు రేకు, కొంచెము వార్నీషు. అడవిపక్షుల ఈకలకై పోవలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటికి రక్షణ కల్పించినది.

మొదట గాలపు కన్నునకు కొంచెము వెనుకనుండి దారమును బిగువుగా చుట్టుచు వంపువరకు పోవలెను. ఈ పునాది లేనిచో ఈక కాడమీద జారును. తోకగా ఈకను అచ్చట కట్టి, రేకును ముందునకు చుట్టి, మరియొక ఈకను మెడవలె చుట్టవలెను. దారమును వ్రేళ్ళ నడుమ వదులుగా పట్టి, తరువాత క్రిందికి లాగినచో ఈక ప్రక్కకు తిరుగదు. కన్నువద్ద ముడివేసి వార్నీషు పూసినచో పని ముగియును.

క్రొత్తవారి తప్పులు ప్రధానముగా మూడు. ఈకలు ఎక్కువ పెట్టుట, దారము వదలుట, కన్నువద్ద చోటు మిగుల్చకుండుట. కన్ను పూడినచో తాడు దూరదు. ముడి వదలినచో చేతికందిన వంజరము చేజారును. సముద్రముపై బ్రతుకువానికి అది ఒక్క ముడి నష్టము కాదు, ఆనాటి కూలి. కాబట్టి పది రకములను ఒక్కొక్కసారి కట్టుటకంటె, ఒక్క రకమును ఏబదిసార్లు కట్టుట మేలు. మొదటిదానిని దాచి, ఏబదవదానితో పోల్చి చూచినచో తన తప్పులు తనకే తెలియును. గాలపు మొనలను బెండులో గ్రుచ్చి, పిల్లలకు అందని చోట ఉంచవలెను.

ఇంట నేర్పువారున్న బాలుడు చూచి నేర్చును. అట్టివారు లేని బాలునికి గ్రంథాలయమే దిక్కు. గ్రంథము దారి చూపును గాని దారమును బిగించదు. ఆ పని చేతిదే. రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయమున పుస్తకముల బీరువా ప్రక్కనే ఒక బల్లయు, ఒక వైసును ఉంచి, వృద్ధుడైన జాలరిని వారమునకొకసారి పిలిచి కూర్చుండబెట్టినచో, చదివిన విద్యయు చేసిన విద్యయు ఒక్కచోట చేరగలవు.