రైఫిల్‌తో ఫ్లైట్ ఎక్కాలంటే ఏ పెట్టె కొనాలి?

మల్యాల నుంచి మళ్లీ ఒక కొత్త ఎపిసోడ్. టాపిక్ వినంగనే కొంతమంది నవ్వుతరు, "మన ఊర్ల రైఫిల్ ఎవరి దగ్గరుందన్నా?" అని. ఆగండి, చెప్త.

మన దేశంల వేట నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కాబట్టి ఇక్కడ రైఫిల్ తీసుకొని విదేశం పోయేది ఎక్కువగా షూటింగ్ ఆటగాళ్లే. హైదరాబాద్‌ల పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌ల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ల కాంస్యం తెచ్చిండు. వినికిడి లోపం ఉన్న హైదరాబాద్ పిలగాడు ధనుష్ శ్రీకాంత్ 2022ల బ్రెజిల్ పోయి డెఫ్లింపిక్స్ స్వర్ణం కొట్టిండు. రేపు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి ఒక తమ్ముడో చెల్లెనో పోవచ్చు కదా? వాళ్ల కోసమే ఈ వీడియో. అమెరికాల లైసెన్స్ తీసుకొని వేటకు పోయే మనోళ్లకు కూడా దీంట్ల చాలా పనికొస్తది.

అసలు సమస్య ఏందంటే, మ్యాచ్ ఆడే ఎయిర్ రైఫిల్ రెండు లక్షల పైమాటే. ఇంట్ల వాళ్లు అప్పు చేసి కొంటరు. రైఫిల్, జాకెట్, బూట్లు, కోచింగ్ అన్నీ అయినంక చివరికి పెట్టె గుర్తొస్తది. అప్పటికి చేతిల పైసలుండయి. "గుడ్డ కవర్ ఉంది కదా, సరిపోతది" అనుకుంటరు. సరిపోదు.

ఎందుకో ఒక్క లెక్క చూడండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌ల పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటర్! సైట్‌కు చిన్న దెబ్బ తగిలినా గుండు ఆ చుక్క పక్కకు పోతది. అక్కడికి పోయినంక సరిచేసుకుంటం అంటే, ప్రాక్టీస్‌కు దొరికే టైమ్ తక్కువ. ఏండ్ల కష్టం పెట్టెల కుదుపుకు పోవద్దు.

మన గల్ఫ్ అన్నలకు ప్యాకింగ్ నేర్పే అవసరం లేదు. కార్టన్‌కు టేప్ చుట్టి, తాడు కట్టి, మార్కర్‌తో పేరు, ఊరు పెద్దగ రాస్తరు. ఆ కట్టుడు అంతా పెట్టె పగలకుండ. రైఫిల్‌కు అది చాలదు. పెట్టె పగలకున్నా లోపల రైఫిల్ కదిలితే నష్టమే. అందుకే నేను చెప్పే మాట ఒక్కటే: లోపల రైఫిల్ కదలొద్దు, బయట తాళం చెవి నీ దగ్గరే ఉండాలి. బ్రాండ్, రంగు అన్నీ దాని తర్వాతనే.

ఒకటి, కొలత. రైఫిల్ పొడవు టేప్‌తో కొలవండి. పెట్టె బయటి కొలత కాదు, లోపలి కొలత చూడండి. రెండు దిక్కులా ఫోమ్‌కు జాగా ఉండాలి. ట్రాప్ షూటర్లు వాడే షాట్‌గన్ ముక్కలుగా విడిపోతది, చిన్న పెట్టె చాలు. రైఫిల్‌కు మాత్రం పొడుగు పెట్టె కావాలి. మామూలు బ్యాగ్‌కు పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు లిమిట్ పెడతయి చాలా ఎయిర్‌లైన్లు. రైఫిల్ పెట్టె ఇది దాటేస్తది. కాబట్టి టికెట్ బుక్ చేసేటప్పుడే స్పోర్ట్స్ ఎక్విప్‌మెంట్ అని చెప్పి ఎక్స్‌ట్రా ఛార్జ్ ఎంతో అడగండి.

రెండు, బరువు. పెలికన్ 1750 లాంటి గట్టి పెట్టె ఫోమ్‌తో కలిపి సుమారు 12 కిలోలు. ఎయిర్ రైఫిల్ రూల్ ప్రకారం గరిష్ఠంగా 5.5 కిలోలు. రెండూ కలిపితే 17.5. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వేరే టికెట్ మీద పోతే మామూలుగా ఇచ్చేది 15 కిలోలే. అంటే బట్టలు పెట్టకముందే లిమిట్ దాటినం. తేలిక పెట్టె తీసుకోవాల్నా, ఎక్స్‌ట్రా బ్యాగేజ్ కొనాల్నా అన్నది ఇంట్లనే లెక్కేయాలి, కౌంటర్ దగ్గర కాదు.

మూడు, ఫోమ్. రైఫిల్ ఆకారంల కోసిన గట్టి ఫోమ్ మంచిది. సైట్ విప్పగలిగితే విప్పి వేరే గూట్ల పెట్టండి, రైలు మీద ఎక్కడ కూర్చుందో ముందే రాసుకోండి. పెట్టె మూసి నిలబెట్టి, తిప్పి, ఊపండి. లోపల టక్ అని చప్పుడొస్తే ఇంకా రెడీ కానట్టే. వానకాలంల సిలికా జెల్ పొట్లం వేయండి, తేమకు తుప్పు పడుతది.

నాలుగు, వాల్వ్. నీళ్లు, గాలి పోనంత గట్టిగ మూసుకునే పెట్టెకు ప్రెషర్ వాల్వ్ ఉండాలి. పైన గాలి ఒత్తిడి తగ్గుతది, కిందికి దిగినంక మళ్లీ పెరుగుతది. వాల్వ్ లేకుంటే మూత బిగుసుకపోయి, తెరవాలంటే తిప్పలే.

ఐదు, తాళం. పెట్టెకు ఎన్ని తాళం రంధ్రాలుంటే అన్నిటికీ తాళం వేయండి. ఒక మూల లేపితే చెయ్యి పట్టేటట్టుంటే ఆ పెట్టె పనికిరాదు. అమెరికా రూల్ ప్రకారం తుపాకీ ఖాళీగా ఉండాలి, గట్టి పెట్టెల తాళం వేసి ఉండాలి, చెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. అందుకే మాస్టర్ కీతో తెరిచే సూట్‌కేస్ తాళం వద్దు, గట్టి మామూలు తాళం నయం. చెకింగ్ అయ్యేదాక అక్కడనే ఉండండి, తెరవమంటే మీరే తెరవండి. ఇంకో ముచ్చట: గల్ఫ్ కార్టన్ లెక్క బయట పెద్దగ రాయొద్దు. పేరు, ఫోన్ నంబర్ చాలు. లోపల ఏముందో దొంగకు మనం చెప్పే అవసరం లేదు.

ఇప్పుడు పెట్టెల పెట్టకూడనివి. ఎయిర్ రైఫిల్ సిలిండర్‌ల 200 బార్ దాక గాలి ఉంటది. ఖాళీ చేసే తీసుకపోవాలి, ఎట్ల చూపాల్నో ఎయిర్‌లైన్‌ను ముందే అడగండి. పాయింట్ 22 బుల్లెట్లయితే మనిషికి 5 కిలోలు మించొద్దు, వేరే డబ్బాల ప్యాక్ చేసి చెక్-ఇన్‌లనే, అదీ ఎయిర్‌లైన్ ఒప్పుకుంటేనే. మీవి, దోస్త్‌వి కలిపి ఒక్క డబ్బాల పెట్టొద్దు. రేంజ్‌కు తీసుకపోయే సంచినే క్యాబిన్ బ్యాగ్‌గా వాడొద్దు. మూలకు ఒక్క బుల్లెట్ మిగిలినా స్కానర్‌ల కనపడుతది, ఫ్లైట్ పోతది, కేస్ మిగులుతది.

పేపర్లు కూడా పెట్టె అంత ముఖ్యం. ఎయిర్ రైఫిల్‌కు ఇక్కడ లైసెన్స్ లేకున్నా నడిచే రకాలున్నయి. కానీ ఎయిర్‌లైన్ దాన్ని ఆయుధంగనే చూస్తది, చెప్పకుండ పెట్టొద్దు. పోయే దేశం పర్మిషన్‌తో పాటు, మధ్యల దిగి ఫ్లైట్ మారే దేశం పర్మిషన్ కూడా అడిగే చోట్లున్నయి. ముఖ్యంగా గల్ఫ్ మీదుగా పోతే టికెట్‌కు ముందే కనుక్కోండి. పోయేటప్పుడు కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్ చూపి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు "ఇది విదేశంల కొన్నవా?" అన్న ప్రశ్నకు అదే జవాబు.

ఆఖరికి పైసల ముచ్చట. రైఫిల్ కొనే రోజే పెట్టెకు కూడా బడ్జెట్ పక్కకు తీయండి. ఖరీదైనది కొనలేకపోతే, మీ క్లబ్‌ల సీనియర్ అన్నను, అక్కను అడిగి ఒక్క ట్రిప్‌కు తీసుకోండి. కాకపోతే ఫోమ్ మీ రైఫిల్‌కు సరిపోతదో లేదో వారం ముందే ఊపి చూసుకోండి. మీ దోస్తులల్ల ఎవరన్నా మొదటి విదేశీ మ్యాచ్‌కు రెడీ అయితుంటే ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌ల కలుద్దాం. ఉంట మరి.