ఐరోపా చట్టం, హైదరాబాదు కొలువులు, మన హక్కు

(మౌలాలిలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు రైల్వే కార్మికుల పిల్లలకు పౌరశాస్త్రం చెప్పారు. ప్రాథమిక హక్కులు చెప్పే రాజ్యాంగం మూడో భాగాన్ని పరీక్షకోసం కాదు, బతుకుకోసం చదవమనేవారు. అందుకే ప్రాథమిక హక్కుల వరసలో ఇటీవలే చోటు దక్కించుకున్న గోప్యతాహక్కు గురించి మాట్లాడతాను. ఐరోపాలో పుట్టిన ఒక చట్టంతో మొదలుపెట్టి మన ఇంటిదాకా వస్తాను.

ఐరోపా సంగతికి ముందు ఒక మాట: కంప్యూటరు ఈ ప్రాంతానికి పాత చుట్టమే. మన పొరుగునున్న ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో ఏర్పడింది. డాక్టర్ ఎ.ఎస్.రావు దానికి సారథి. దేశీయంగా రూపొందిన టీడీసీ-12 కంప్యూటరును 1969లో తయారుచేసింది ఆ సంస్థే. యంత్రాన్ని మనం తయారుచేసుకోగలమా అన్నది ఆనాటి ప్రశ్న. యంత్రంలోకి చేరిన మనిషి వివరాలమీద పెత్తనం ఎవరిది అన్నది ఈనాటి ప్రశ్న.

ఐరోపా ఇచ్చిన జవాబు

ఐరోపా సమాఖ్య 2016 ఏప్రిల్‌లో ఆమోదించి, 2018 మే 25 నుంచి అమల్లో పెట్టిన డేటా రక్షణ చట్టాన్ని జీడీపీఆర్ అంటున్నాం. 99 అధికరణాల ఆ చట్టం సారాంశం సులువుగానే చెప్పవచ్చు. ఒకరి వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి. ఆ పనికి సరిపడా మాత్రమే తీసుకోవాలి. పని తీరాక తొలగించాలి. మనిషి అడిగితే తన గురించి ఏం దాచారో చూపాలి, తప్పుంటే దిద్దాలి. ప్రజలకు ముప్పు తెచ్చేలా వివరాలు బయటికి పొక్కితే 72 గంటల్లో నియంత్రణ సంస్థకు తెలియజేయాలి.

ఇలాంటి మంచిమాటలు అంతకుముందూ ఉన్నాయి. వాటికి బలం తెచ్చింది జరిమానా. పెద్ద ఉల్లంఘనకు 2 కోట్ల యూరోలు, లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 4 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అంతవరకు వేయవచ్చు. 2019లో ఫ్రాన్స్ గూగుల్‌కు 5 కోట్ల యూరోలు వేసింది. 2021లో లక్సెంబర్గ్ అమెజాన్‌కు 74.6 కోట్లు, 2023లో ఐర్లండ్ మెటాకు 120 కోట్ల యూరోలు వేశాయి. ఐరోపావాసుల వివరాలను చట్టవిరుద్ధంగా అమెరికాకు తరలించినందుకు మెటాకు పడిన శిక్ష అది. ఆ శిక్షదాకా తెచ్చిన పోరాటాన్ని ఆస్ట్రియాలో న్యాయశాస్త్ర విద్యార్థిగా ఉన్న మాక్స్ ష్రెమ్స్ 2013లో ఒక్క ఫిర్యాదుతో ఆరంభించాడు. ఆ పోరాటంలోనే, ఐరోపా, అమెరికాల నడుమ కుదిరిన రెండు డేటా ఏర్పాట్లను ఐరోపా న్యాయస్థానం 2015లో ఒకటి, 2020లో ఒకటి కొట్టేసింది.

చట్టంలో లోపాలు లేవనను. వెబ్‌సైట్ తెరిచిన ప్రతిసారీ ఎదురొచ్చే కుకీల పలక సమ్మతిని అలవాటుగా మార్చేసింది. చదవకుండా నొక్కే ఒప్పుదల ఒప్పుదల కాదు. లాయర్ల దండున్న పెద్ద కంపెనీలు మోయగలిగిన ఖర్చు చిన్న కంపెనీల నడుం వంచుతోంది. అనేక మహాసంస్థల ఐరోపా కార్యాలయాలు ఐర్లండ్‌లోనే ఉండటంతో కేసుల భారం చాలావరకు ఆ చిన్నదేశపు నియంత్రణ కార్యాలయం మీద పడింది. అయినా, అడిగే హక్కు పౌరుడికి, జవాబు చెప్పే బాధ్యత కంపెనీకి అప్పగించడం ఈ చట్టం చేసిన మేలు. దాన్ని నేను చిన్నదిగా చూడలేను.

హైదరాబాదుకు వచ్చిన దారి

ఈ చట్టం మన ఊరికి ఒప్పందపత్రాల రూపంలో వచ్చింది. వివరాలు సేకరించిన ఐరోపా కంపెనీ వాటిని హైదరాబాదు కంపెనీకి అప్పగిస్తే, ఏం చేయాలో ఏం చేయకూడదో 28వ అధికరణం ప్రకారం రాతపూర్వకంగా కట్టడి చేయాలి. భారతదేశపు రక్షణ తమ దేశాలకు సరితూగుతుందని ఐరోపా ఇంతవరకు గుర్తించలేదు. అందుకే ప్రామాణిక ఒప్పంద నిబంధనలు అదనంగా జతపడతాయి. 2020 తీర్పు తర్వాత, ఇక్కడి ప్రభుత్వం ఆ వివరాలను ఎంత సులువుగా చేజిక్కించుకోగలదో కూడా ముందే పరిశీలించవలసి వస్తోంది.

మౌలాలి మీదుగా లింగంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగే మన పిల్లలకు ఇదంతా రోజువారీ పని. ఖాతాదారు పేరు తెరమీద సగం కనపడకుండా చేస్తారు. పనికి అవసరమైనవారికే ఫైలు తెరుచుకుంటుంది. ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదవుతుంది. తన వివరాలు తీసేయమని మ్యూనిక్‌లో ఒకరు కోరి, చట్టప్రకారం అది చెల్లితే, మాదాపూర్‌లో వాటిని వెతికి తొలగిస్తారు. దీని చుట్టూ కొత్త కొలువులు, కొత్త నైపుణ్యాలు పుట్టాయి. ముఖం ఎరగని మనిషిని గౌరవించే క్రమశిక్షణ మన పిల్లలకు ఒంటబట్టింది. దీన్ని నేను హైదరాబాదు సాధించిన గొప్ప విద్యగా లెక్కిస్తాను.

మన నేలలోని వేళ్లు

గోప్యత పరాయి విలువ అనేవారికి మూడు సంగతులు గుర్తుచేస్తాను. 1962లో ఖరక్‌సింగ్ కేసులో గోప్యత ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు అధికసంఖ్యాక న్యాయమూర్తులు అన్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఆ మాటను ఒప్పుకోలేదు. వ్యక్తిస్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని భిన్నంగా తీర్పు రాశారు.

రెండోది హైదరాబాదు కేసే. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన స్టాంపుల చట్ట సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు సోదాచేసే వీలు కల్పించింది. కెనరా బ్యాంకు ఎదిరించింది. హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. బ్యాంకు చేతిలో పెట్టినంతమాత్రాన పత్రాలమీద ఖాతాదారుకున్న గోప్యత పోదని చెప్పింది. మనం ఒక యాప్‌కు ఇచ్చిన వివరాల గురించి ఈరోజు అడుగుతున్నది అక్షరాలా ఇదే.

మూడోది 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనంటూ తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన ఏకగ్రీవ తీర్పు. వారిలో కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. సుబ్బారావు భిన్నాభిప్రాయంగా చెప్పినదాన్ని దేశం 55 ఏళ్లకు అంగీకరించింది.

ఇక మిగిలిన పని

హక్కును అంగీకరించడంతో పని తీరలేదు. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేకుండా, కంప్యూటరు లెక్కను నమ్మి తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని కోర్టు ఆదేశించింది. యంత్రం ఒక్కటే తేల్చిన నిర్ణయం మనిషి బతుకును తీవ్రంగా తాకితే, మరో మనిషి దాన్ని తిరిగి చూడాలని కోరే హక్కు జీడీపీఆర్ 22వ అధికరణంలో ఉంది. అలాంటి హక్కు అందరికంటె ముందు కావలసింది బియ్యం ఆగిపోయిన ఇంటికి.

మనకూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు అప్పటినుంచి 18 నెలల గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే అవకాశం కూడా చట్టమే ఇచ్చింది. కాని నోటిఫై చేసిన ప్రభుత్వ విభాగాలకు విస్తారమైన మినహాయింపులున్నాయి. ఉల్లంఘనలపై తీర్పు చెప్పే డేటా బోర్డు సభ్యుల నియామకం కేంద్రం చేతిలో ఉంది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత వివరాలకు మినహాయింపునిచ్చే 8(1)(జె)ను మార్చి, ప్రజాప్రయోజనం కోసం అడిగే దారిని ఇరుకుచేశారు. పౌరుడి గోప్యత పాలకుల దాపరికానికి తొడుగు కాకూడదు.

నా కోరికలు మూడు. ఐరోపా ఖాతాదారు వివరాలను ఎలా కాపాడుతున్నాయో హైదరాబాదు కంపెనీలు గడువుకోసం చూడకుండా ఇక్కడి ఖాతాదారు వివరాలనూ అలాగే కాపాడాలి. ప్రభుత్వం ఏ సాయం ఆపినా ముందు నోటీసివ్వాలి, కారణం తెలుగులో చెప్పాలి, వినే మనిషిని చూపాలి. డేటా బోర్డుకు ప్రభుత్వంనుంచి నిజమైన స్వతంత్రత దక్కేలా మన శాసనకర్తలు పార్లమెంటులో పట్టుబట్టాలి.

ఈ సభలో ఉన్న యువ ఉద్యోగులారా, వివరాలు కాపాడే పని చేతకాదని మీ సంస్థలు అనలేవు. చేస్తున్నది మీరే. పరదేశి కోసం నేర్చిన మర్యాదను మీ అమ్మానాన్నల కోసం కూడా అడగండి. కార్యాలయంలో అడగండి, ఎమ్మెల్యేను అడగండి, అవసరమైతే కోర్టులో అడగండి. మాస్టారు చెప్పిన పౌరశాస్త్రం అదే.